పండు అరటి, కూర అరటి: నిజామాబాద్–బోధన్ ప్రాంతం

అరటిలో ఒలిచి పండుగా తినేవి, కాయగా కోసి వండుకునేవి అని రెండు తెగలున్నాయి. ఇంగ్లిషువాళ్లు మొదటిదాన్ని బనానా అని, రెండోదాన్ని ప్లాంటెయిన్ అని అంటారు. మనవాళ్లు కూర అరటి కనిపించిన చోటల్లా ఆ రెండో పేరు తగిలిస్తుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. వృక్షశాస్త్రంలో ప్లాంటెయిన్ అనే పేరున్న కుదురు వేరు, తెలుగువారి పొయ్యి మీద ఉడికే బొంత అరటి కుదురు వేరు. నిజామాబాద్ కూరగాయల అంగళ్లలో కూర కోసం అమ్మే కాయ బొంత జాతిది, అది లేనప్పుడు పండని పచ్చ అరటి. అసలైన ప్లాంటెయిన్‌ను ఈ జిల్లా జనం ఎక్కువగా కేరళ చిప్స్ పొట్లంలోనే చూసి ఉంటారు.

నేల, నీరు

నిజామాబాద్ అరటికి పేరుమోసిన జిల్లా కాదు. ఇక్కడి పేరు పసుపుది. దాని తర్వాత వరి, మక్క, సోయా, ఆర్మూర్ వైపు ఎర్రజొన్న. బోధన్ పేరు చెప్పగానే మాత్రం పాతతరానికి చెరకే గుర్తొస్తుంది. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం ఈ సీమ పంటల తీరునే మార్చేసింది. దాని నిర్మాణాన్ని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీటి ధీమాతోనే 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒక కాలంలో ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారంగా దానికి పేరుండేది. కాలువలు పారాక కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో తరలివచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల భూములు కొని స్థిరపడ్డారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను నేటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. కృష్ణా, గోదావరి తీరాల వంటలు కూడా వాళ్ల వెంటే వచ్చాయి. అరటికాయ ఆవపెట్టిన కూర, అరటిపువ్వు కూర, దవ్వ పెరుగుపచ్చడి ఈ క్యాంపుల ఇళ్లలో సహజంగా వినిపించే పేర్లు. మంజీర గట్టు పాత ఊళ్లలో అరటికాయ అంటే ఎక్కువగా వేపుడు, బజ్జీ.

చెరకు కథ వెనకబట్టింది. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో అది మూతపడింది. సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం అంతకుముందే ఆగిపోయింది. చెరకు పోయిన పొలాల్లోకి ఎక్కువగా వరి వచ్చింది, అరటి రాలేదు. ఏడాది పొడవునా తడి కావాలన్న విషయంలో అరటీ చెరకూ ఒకటే. సాలుకు 1800 నుంచి 2000 మిల్లీమీటర్ల నీరు తాగే పంటను కాలువ వారబందీ (వంతుల వారీ నీరు) మీద ఆధారపడి పెట్టాలంటే బోరూ డ్రిప్పూ ఉన్న రైతే ధైర్యం చేయాలి. పైగా సాలూర దగ్గర సరిహద్దు దాటితే నాందేడ్ జిల్లా వస్తుంది. ఆ జిల్లాలో అర్ధాపూర్ తాలూకా అరటికి పెట్టింది పేరు. అంత దగ్గర్లో అంత పంట పండుతుంటే సరిహద్దుకు ఇవతల ఆ పంటతో పోటీ పడటం తేలిక కాదు.

పేర్ల పుట్టుక

అరటికి శాస్త్రీయ నామం పెట్టినవాడు కార్ల్ లిన్నేయస్. 1736లో హాలండ్‌లో క్లిఫర్డ్ అనే ధనికుడి తోటలో వెచ్చని గాజుగదిలో అరటిని పూయించి ఆయన దాని మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. తర్వాత 1753లో వండుకునే అరటికి మ్యూసా పారడిసియాకా అని, 1759లో ఒలిచి తినే అరటికి మ్యూసా సేపియెంటం అని పేర్లు పెట్టి వాటిని రెండు వేర్వేరు జాతులుగా లెక్కించాడు. ఈ విభజన రెండు వందల ఏళ్లు నడిచింది. తమాషా ఏమిటంటే సేపియెంటం పేరుకు ఆధారమైన పండు ‘సిల్క్’ రకానిది, అంటే మనం అమృతపాణి అని పిలిచే కుదురే. అదీ, లిన్నేయస్ చూసిన ప్లాంటెయినూ, రెండూ ఒకే తరహా సంకరాలు. పేర్లు రెండైనా జాతి రెండు కాలేదు.

ఈ ముడి విప్పింది 20వ శతాబ్ది వృక్షశాస్త్రజ్ఞులు. మనం తినే అరటిలో దాదాపు అన్నింటికీ మూలం రెండు అడవి జాతులు. ఒకటి మ్యూసా అక్యుమినాటా, రెండోది మ్యూసా బాల్బిసియానా. రెండింటి పండ్లలోనూ బఠాణీ గింజలంత గట్టి విత్తనాలు నిండి ఉంటాయి. మొదటిదాని జన్యుభాగాన్ని ఏ అని, రెండోదాన్ని బి అని గుర్తిస్తారు. 1955లో సిమండ్స్, షెపర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొక్క మీద కంటికి కనిపించే 15 లక్షణాలు ఎంచుకున్నారు. ఒక్కోదానికి అక్యుమినాటా పోలికైతే 1, బాల్బిసియానా పోలికైతే 5, మధ్యస్థమైతే వాటి నడిమి అంకె వేశారు. కూడిక 15 దగ్గరుంటే అది శుద్ధ ఏ, 75 దగ్గరుంటే శుద్ధ బి. ఈ లెక్కతో ఏఏఏ, ఏఏబీ, ఏబీబీ వంటి సముదాయాలు తేలాయి. మూడేసి అక్షరాలు ఎందుకంటే సాగులో ఉన్న అరటిలో ఎక్కువ భాగం త్రిగుణితాలు. వాటి కణంలో 22 బదులు 33 క్రోమోజోములుంటాయి. మూడు వరసలు సరిగా జతకట్టలేవు కాబట్టి విత్తనం కట్టదు. గింజ లేకుండానే కాయ ఊరే గుణం అక్యుమినాటా వైపు నుంచి వచ్చింది. పండు మధ్యలో కనిపించే నల్లని చుక్కలు విత్తనం కావలసి కాలేకపోయినవి.

పదిహేను లక్షణాల్లో కొన్నింటికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. పెరట్లో అరటి ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు. ఆకు కాడ పైభాగంలో ఉండే గాడి పచ్చ అరటిలో వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది, బొంతలో అంచులు లోపలికి ముడుచుకుని దాదాపు మూసుకుపోతాయి. ఏ పాలు ఎక్కువున్న చెట్టు పువ్వు రేకు విచ్చుకున్నాక పైకి చుట్టుకుపోతుంది, బి పాలు ఎక్కువున్నదాని రేకు లేస్తుందే కాని చుట్టుకోదు. బొంత కాయ మీద, ఆకు అడుగున తెల్లటి బూడిద పూత ఉంటుంది. బూడిద బొంత అనే పేరున్న రకం కూడా ఉంది.

ఏది ఏ కుదురు

పచ్చ అరటి, తోపుడు బండ్ల మీద డజన్ల లెక్కన అమ్మే గ్రాండ్ నైన్, పొట్టి వామనకేళి, ఇవన్నీ కావెండిష్ వర్గానివి. ఏఏఏ సముదాయం, అంటే బాల్బిసియానా రక్తం లేదు. కోస్తా నుంచి వచ్చే తెల్ల చక్కెరకేళి కూడా ఏఏఏ. కర్పూర చక్కెరకేళి, అమృతపాణి ఏఏబీ. వీటిలోని పులుపు కలిసిన రుచి కావెండిష్‌లో దొరకదు. రావులపాలెం మార్కెట్ నుంచి వచ్చే గెలలు తిని పెరిగినవాళ్లు గ్రాండ్ నైన్‌ను చప్పటి పండని తీసిపారేయడంలో పక్షపాతం కొంత ఉన్నా నిజమూ ఉంది. బొంత ఏబీబీ, రెండు పాళ్లు బాల్బిసియానా. ఫిలిప్పీన్స్‌లో వండుకునే సబా అరటికీ మన బొంతకూ బంధుత్వం దగ్గర.

ప్లాంటెయిన్ ఈ ఏబీబీలో లేదు. అది ఏఏబీలోనే ఒక ప్రత్యేక శాఖ, అమృతపాణికి అక్షరాల్లో తోబుట్టువు, గుణంలో పరాయిది. కాయలు పొడవుగా, కొమ్ముల్లా వంపు తిరిగి, గెలకు తక్కువ సంఖ్యలో ఉంటాయి. గుజ్జు నారింజ ఛాయలో ఉంటుంది. పడమటి, మధ్య ఆఫ్రికాలో దీనికి నూటికి పైగా రకాలున్నాయి. అక్కడ అది పూటగడిపే తిండి. మన దేశంలో దీనికి ప్రతినిధి కేరళ నేంద్రన్. త్రిస్సూర్ జిల్లాలో పండే చెంగళికోడన్ నేంద్రన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

వండుకునేదంతా బి పాలున్నదే అనుకున్నా పొరపాటే. ఉగాండాలో మటోకే పేరుతో రోజూ ఉడకబెట్టుకుని తినే తూర్పు ఆఫ్రికా మెట్టసీమ అరటి శుద్ధ ఏఏఏ, మన పచ్చ అరటి సముదాయమే. కనుక వండేది, ఒలిచేది అన్న గీత జన్యువుల్లో లేదు. ఆ గీత కాయలోని పిండి, నీళ్ల పాళ్లలోనూ, తినేవారి అలవాటులోనూ ఉంది. దక్షిణాది పాత ఇంగ్లిషు రాతల్లో పండునైనా ప్లాంటెయిన్ అనే రాసేవారు. ఆ రాతలు చదివి ఒకనాటి జనం తిన్నదేమిటో తేల్చబోయేవారు జాగ్రత్తపడాలి.

పిండి చక్కెరయ్యే తీరు

పచ్చి కావెండిష్ కాయ గుజ్జులో నూటికి 20 నుంచి 25 పాళ్లు పిండిపదార్థం ఉంటుంది. పండేసరికి అది ఒకటి రెండు పాళ్లకు దిగిపోయి, దాని స్థానంలో 15 నుంచి 20 పాళ్లు చక్కెర చేరుతుంది. ఈ మార్పును నడిపేది కాయలోనే పుట్టే ఇథిలీన్ వాయువు. అది మొదలవగానే కాయ శ్వాస ఒక్కసారిగా పెరుగుతుంది, ఎంజైములు పిండి గొలుసులను తెంచుతాయి, తొక్కలోని పచ్చదనం విరిగిపోయి అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది, వగరుకు కారణమైన టానిన్లు నాలుకకు అందకుండా కట్టుబడిపోతాయి. ముందుగా ఏర్పడేది సుక్రోజ్, అంటే శక్కర్‌నగర్‌లో బస్తాలకెత్తిన చక్కెరే. తర్వాత అందులో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా చీలుతుంది. బొంతలోనూ ప్లాంటెయిన్‌లోనూ ఇదే పని నడుస్తుంది, కాని నెమ్మదిగా, అసంపూర్తిగా. పూర్తిగా మాగిన తర్వాత కూడా గుజ్జులో చెప్పుకోదగ్గ పిండి మిగిలిపోతుంది. పండిన బొంత తింటే పళ్లకు పిండి అంటుకున్నట్టుండేది అందుకే.

చెరకు సీమలో ఉన్నవారికి ఇక్కడ ఒక విచిత్రం కనిపిస్తుంది. చెరకు, అరటి రెండూ తీపి పంటలే, కాని కోత పడ్డాక వాటి దారులు ఎదురెదురు. చెరకు గడలో సుక్రోజ్ కోతకు ముందే నిండి ఉంటుంది. కత్తి పడిన క్షణం నుంచి ఇన్వర్టేజ్ అనే ఎంజైము, సూక్ష్మజీవులు ఆ సుక్రోజ్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. విరిగిన చక్కెర గడ్డకట్టదు, మొలాసిస్‌లోకి పోతుంది. కోసిన గడను ఒక రోజులోగా గానుగకు చేర్చాలని ఫ్యాక్టరీలు పట్టుబట్టేది, లారీలు, ఎడ్లబండ్లు యార్డు ముందు బారులు తీరితే రైతు గుండె కొట్టుకునేది ఇందుకే. బరువు తగ్గేది అతనికి, రికవరీ తగ్గేది ఫ్యాక్టరీకి. అరటి రైతుకు ఆ కంగారు లేదు. గెలను ముక్కాలు వంతు ఊరినప్పుడు పచ్చిగానే నరుకుతాడు, తీపి దారిలో తయారవుతుంది. అర్ధాపూర్‌లో కోసిన కాయ నిజామాబాద్‌లో పండుగా మారడం వెనక ఉన్న సూత్రం ఇదే. అయితే ఆ లాభం పండు అరటిదే. బొంత గెల దారిలో పండిందంటే కూరగాయల వ్యాపారికి అది నష్టమే, ఎవరూ కొనరు.

ఎండ కూడా రెండింటినీ వేరు చేస్తుంది. కావెండిష్ జాతి 25 డిగ్రీలు దాటిన వేడిలో పండితే తొక్కలోని పత్రహరితం పూర్తిగా విరగదు. లోపల మెత్తబడి తియ్యబడుతుంది, పైన పచ్చగానే ఉంటుంది. పచ్చ అరటి అన్న పేరు వచ్చింది ఈ గుణం వల్లే. నిజామాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ రోజుల్లో పచ్చగా ఉందని కాయ అనుకుని కూరకు కొంటే ఇంటికి వచ్చాక అది పండు. ప్లాంటెయిన్ 35 డిగ్రీల దగ్గర కూడా చక్కగా పసుపురంగుకు తిరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. చలి మాత్రం అందరికీ శత్రువే. 13 డిగ్రీలకు దిగువన తొక్క కణాలు దెబ్బతిని నల్లబడతాయి, ఫ్రిజ్‌లో పెట్టిన పండుకు పట్టే గతి అదే. పొలంలో కూడా ఉత్తర తెలంగాణ చలి రాత్రులు కావెండిష్ తోటను ఇబ్బంది పెడతాయి. గెల మొవ్వలోంచి పూర్తిగా బయటికి రాలేక మెడ దగ్గర ఇరుక్కుపోతుంది. అందుకే గెల డిసెంబరు, జనవరి నెలల్లో వేయకుండా ఉండేలా నాటే తేదీని చూసుకోవాలి.

పట్టణాల్లో ఇప్పుడు పండబెట్టే పని మాగుడు గదులది. 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఇథిలీన్ వదిలి నాలుగైదు రోజుల్లో ఏకరూపంగా పసుపురంగు తెప్పిస్తారు. ఇథిలీన్‌ను 100 పీపీఎం దాకా వాడుకోవడానికి ఆహార భద్రత సంస్థ అనుమతి ఉంది. కాల్షియం కార్బైడ్ వాడకం నిషిద్ధం. దాన్నుంచి వెలువడే ఎసిటిలీన్ ఇథిలీన్ పనినే కొంత చేస్తుంది, కాని మార్కెట్ సరుకులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. కార్బైడ్‌తో హడావుడిగా రంగు తెప్పించిన పండు పైకి నిగనిగలాడుతూ లోపల గట్టిగా ఉంటుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ పళ్లాల కోసం, వినాయక చవితి నవరాత్రుల్లో నైవేద్యాల కోసం బోధన్, నిజామాబాద్‌లలో గిరాకీ పెరిగిన రోజుల్లో ఇలాంటి తొందరపాటుకు ఆస్కారం ఎక్కువ. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ పండు మౌజ్.

వంటింట్లో

బొంత కాయను గుర్తుపట్టడం తేలిక. కోణాలు తేలి ఉంటుంది, తొక్క మందం, చేతికి బరువు. కోస్తే గుజ్జు తెల్లగా ఉంటుంది. నీటిపాలు తక్కువ, పిండి ఎక్కువ కావడంతో ఉడికినా ముక్క విడిపోదు. పచ్చి కావెండిష్‌తోనూ కూర వండవచ్చు, హోటళ్లు వండుతున్నాయి కూడా. కాకపోతే ముక్క త్వరగా చిదిమిపోతుంది, ఒకరోజు నిలవున్న కాయైతే కూరకు అనుకోని తీపి వస్తుంది. వేపుడుకు అది అసలే నప్పదు. చక్కెర తిరిగిన ముక్క నూనెలో లోపల ఉడికేలోగా పైన మాడుతుంది. బజ్జీలకు నిలువుగా పల్చగా తరిగిన బొంతే నిలుస్తుంది.

కోసిన ముక్క నల్లబడటానికి కారణం గాలి తగలగానే పనిచేసే పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైము. పలుచని మజ్జిగలోనో, చింతపండు పులుసు కలిపిన నీళ్లలోనో వేస్తే పులుపు దాన్ని అడ్డుకుంటుంది. ఉత్త నీళ్లు గాలిని కొంత ఆపుతాయి, అంతే. బంక అంటకుండా చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి, అంటిన బట్టకు ఆ మరక వదలదు.

చిప్స్ విషయంలో నేంద్రన్‌కు సాటి లేదు. దాని గుజ్జులోని కెరోటినాయిడ్ల వల్ల ముక్కకు సహజంగానే బంగారు రంగు ఉంటుంది. బొంత చిప్స్ పాలిపోయినట్టుంటాయి కాబట్టి బాణలిలో పసుపు కలిపిన ఉప్పునీళ్లు చల్లుతారు. పసుపు యార్డు ఉన్న ఊళ్లో దానికేం కొదవ. పండిన నేంద్రన్‌ను కేరళలో ఆవిరి మీద ఉడికించి, పిండిలో ముంచి వేయించి తింటారు. తెలంగాణలో ఆ అలవాటు లేదు.

అరటాకు వాడకంలోనూ తేడా ఉంది. బొంత ఆకు వెడల్పుగా, తేలిగ్గా చిరగకుండా ఉంటుంది. కాని ఈ ప్రాంతంలో పెళ్లి భోజనాలకు తరతరాలుగా వాడింది మోదుగాకు విస్తరి. అరటాకు భోజనం ఇక్కడికి క్యాంపుల దారినే ఎక్కువగా వచ్చింది.

పోషకాలు

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల ఒలిచిన పండు అరటిలో 75 గ్రాముల నీరు, 23 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 89 కేలరీలు, 358 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. ప్లాంటెయిన్‌లో అవి వరసగా 65 గ్రాములు, 32 గ్రాములు, 122 కేలరీలు, 499 మిల్లీగ్రాములు. విటమిన్ ఏ లెక్కలో తేడా ఇంకా ఎక్కువ: 64 యూనిట్లకు 1127. తెలుగు పత్రికల ఆరోగ్య పుటలు ఈ రెండో వరసను కూర అరటి పేరుతో అచ్చేస్తుంటాయి. అది నేంద్రన్ వంటి నారింజ గుజ్జు కాయకు సరిపోయే లెక్క, తెల్ల గుజ్జు బొంతకు విటమిన్ ఏ అంత ఉంటుందనుకోవడం భ్రమ. పచ్చి అరటి పిండి చిన్నపేగులో జీర్ణం కాదు, కాబట్టి రక్తంలో చక్కెర పెరగదని చెప్పే మాట కూడా సగమే నిజం. ఉడికించాక ఆ పిండిలో ఎక్కువ భాగం మామూలు పిండిలాగే జీర్ణమవుతుంది. బజ్జీ తినేవారికి ఆ ఊరట వర్తించదు.

నాటడం, తెగుళ్లు

విత్తనం లేదు కనుక అన్ని రకాలూ పిలకల నుంచే పెరుగుతాయి. కావెండిష్‌లో ఇప్పుడు పిలకల స్థానాన్ని టిష్యూకల్చర్ మొక్క ఆక్రమించింది. తోటంతా ఒకేసారి గెల వేస్తుంది, ఒకేసారి కోతకొస్తుంది, లారీ లోడుకు అదే కావాలి. బొంత ఇంకా ఎక్కువగా పెరటి మొక్క, పొరుగింటి నుంచి తెచ్చిన పిలక. బాల్బిసియానా పాలు ఎక్కువుండటం వల్ల నీటి ఎద్దడిని కావెండిష్ కంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానం, 1993లో తిరుచిరాపల్లిలో ఏర్పడిన జాతీయ అరటి పరిశోధన కేంద్రం రెండు తెగల మీదా పనిచేస్తున్నాయి.

పనామా తెగులు అనే ఫ్యుజేరియం ఎండు తెగులు ముందు అందరూ సమానం కాదు. ఒకప్పుడు ప్రపంచ ఎగుమతులను ఏలిన గ్రో మిషెల్ రకాన్ని 1950లలో అది తుడిచిపెట్టింది, దాని స్థానంలోకి తట్టుకోగలిగిన కావెండిష్ వచ్చింది. అమృతపాణి, బొంత ఆ పాత శిలీంధ్ర తెగకు నేటికీ లొంగేవే. వాటి పిలకలు తెచ్చుకునేటప్పుడు దుంపను కోసి లోపల ఎర్రని, గోధుమరంగు చారలున్నాయేమో చూడాలి. తట్టుకుంటుందనుకున్న కావెండిష్‌ను పడగొట్టే కొత్త తెగ, టీఆర్‌4, ఆగ్నేయాసియా నుంచి పాకి బీహార్‌లోని కటిహార్, పూర్ణియా తోటల్లో బయటపడింది. ఈ శిలీంధ్రం నేలలో దశాబ్దాలు బతుకుతుంది, సాగునీటితో, ట్రాక్టరు చక్రాల మట్టితో పొలం నుంచి పొలానికి వెళ్తుంది. మందు కొట్టి వదిలించుకోగలిగిన తెగులు కాదు. తెగులు సోకిన ప్రాంతాల నుంచి పిలకలు తేవద్దని, ధ్రువీకరించిన టిష్యూకల్చర్ మొక్కలే నాటమని శాస్త్రజ్ఞులు చెబుతున్నది అందుకే.